బ్రస్సెల్స్‌లో ఒక శనివారం, సింధనూరులో ఇంకొకటి

షాపులో గడియారాలన్నీ నడుస్తున్నాయి. వాటిని బాగుచేసే మనిషి మాత్రం ఆగిపోయాడు.

తాయప్ప గుమ్మంలోనే నిలబడిపోయాడు. బల్ల ముందు కూర్చున్న ముసలాయన కంటికి భూతద్దం ఇంకా అతుక్కునే ఉంది. మెడ వెనక, తెల్లజుట్టు మొదట్లో, సన్నటి ఉక్కు సూది దిగి ఉంది. చెయ్యి పట్టి చూశాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

బ్రస్సెల్స్ నగరం. 1965 ఏప్రిల్. బయట సన్నగా వాన.

"కదలొద్దు."

తెర వెనక నుంచి ఆడగొంతు. మాట ఇంగ్లీషు, యాస ఫ్రెంచి. రాగిరంగు జుట్టు, నల్లటి రెయిన్‌కోటు, చేతిలో బొమ్మలాంటి పిస్టల్. అది బొమ్మ కాదని తాయప్పకు తెలుసు.

"నా గడియారం వానకు నిలిచిపోయింది," అన్నాడు నెమ్మదిగా.

"ఏ దేశపు వానకు?"

"మా దేశంలో వానకు గడియారాలు ఆగవు. పనులే ఆగుతాయి."

పిస్టల్ కిందికి దిగింది. కోడ్ కుదిరింది. ఆమె ఇవెట్. ఒక విదేశీ గూఢచారి ముఠా దగ్గర జీతం తీసుకుంటూ, ఆ ముఠా సంగతులు భారతదేశానికి చేరవేసే డబుల్ ఏజెంట్. చచ్చిపోయిన ముసలాయన ఆ సంగతులను అందుకునే మనిషి. ఆయన దగ్గర్నుంచి ఒక మైక్రోఫిల్మ్ తీసుకెళ్ళడానికే తాయప్ప వచ్చాడు.

"నేను వచ్చేసరికే అంతా అయిపోయింది. ఫిల్మ్ లేదు," అంది ఇవెట్. "నువ్వొస్తున్నావని వాళ్ళకు ముందే తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నీకు బాగా దగ్గరివాళ్ళెవరో. వెనక తలుపు నుంచి వెళ్ళిపో. త్వరగా."

తాయప్ప కాలర్ పైకి లాక్కుని వీధులు తిరిగి తిరిగి రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న కాఫీ హోటల్ చేరాడు. అద్దం పక్క బల్ల దగ్గర యలమందయ్య కూర్చుని ఉన్నాడు. చక్కెర పొడి మూతికంతా అంటుకుని ఉంది.

"ఎక్కడికి పోయావన్నా? నీ గడియారం రిపేరేమో గానీ నేను ఈలోపు మూడు అట్లు తిన్నాను. గళ్ళు గళ్ళుగా భలే ఉన్నాయ్!"

తాయప్పకు నవ్వొచ్చింది. దగ్గరివాళ్ళెవరో అంది ఆమె. ఈ దేశంలో తనకు దగ్గరివాడు వీడొక్కడే. వీణ్ణి అనుమానిస్తే ఇక పసిపిల్లల్ని కూడా అనుమానించాలి.

తాయప్పది రాయచూరు పక్కన కల్లూరు. ఉద్యోగం ఢిల్లీలో, బోర్డు లేని ఒక ఆఫీసులో. కోడ్ నేమ్ కందిరీగ. హాలెండులో నీటిపారుదల ఇంజనీరింగ్ చదివే విద్యార్థి వేషం. యలమందయ్యది వేషం కాదు. సింధనూరు దగ్గర తుంగభద్ర కాలువ కింద వరి పండించే గుంటూరు రైతు కొడుకు. నిజంగానే చదువుకోవడానికి వచ్చాడు. మొదటి చలికాలం జ్వరంతో పడుకుంటే పక్కగదిలోని తాయప్ప గంజి కాచి తాగించాడు. అప్పటినుంచీ అన్నా అని వెంటపడి తిరిగేవాడు.

ఇద్దరు పరాయి దేశపు కుర్రాళ్ళు, భుజానికి కెమెరా, శని ఆదివారాలకు పొరుగు దేశం చూసిరావడం. సరిహద్దులో ఎవరూ రెండోసారి చూడరు. అందుకే తాయప్ప వాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. తనను ఒక తెరలా వాడుకున్నారన్న సంగతి యలమందయ్యకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదనుకున్నాడు తాయప్ప.

అప్పటికి అలా అనుకున్నాడు.

* * *

సెప్టెంబరు వచ్చేసరికి పడమటి సరిహద్దులో యుద్ధం రాజుకుంది. తాయప్పను ఢిల్లీకి కాదు, రాయచూరుకు రమ్మన్నారు.

రైల్వే స్టేషన్ మేడ మీది గదిలో కిటికీ రెక్కలు సగం మూసి, ఖద్దరు పంచెతో, రైసు మిల్లు యజమాని వేషంలో కూర్చున్నాడు చీఫ్. మిలిటరీ మీసం ఒక్కటే ఆ వేషానికి కుదరలేదు.

"కూర్చో. తుంగభద్ర ఎడమ కాలువ. సింధనూరు అవతల ఒక అక్విడక్ట్ ఉంది. కింద వాగు, పైన వంతెన లాగా కాలువ. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఇప్పుడు కాలువ నిండుగా పారుతోంది. అది కూలితే?"

"కింద ఉన్న రైతుల క్యాంపులు కొట్టుకుపోతాయి సార్. దిగువన ఉన్న వరి అంతా పొట్ట మీదే, కంకి వెయ్యకముందే ఎండిపోతుంది."

"సైన్యం తినేది ఆ బియ్యమే. ముఠా రేడియో మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. 'శనివారం వాగుకు వరద.' అంతే. ఇవాళ శుక్రవారం."

చీఫ్ సిగరెట్ వెలిగించాడు.

"ఇవెట్ అక్కడే ఉంది. విదేశీ పత్రికకు కాలువల ఫోటోలు తీస్తున్నట్టు పర్మిట్ ఇప్పించాం. మన మనిషి. నమ్మొచ్చు. ఇంకో మాట. ఆ అక్విడక్ట్ జూనియర్ ఇంజనీరు నీ పాత స్నేహితుడే."

"యలమందయ్యా?"

"జూన్‌లో తిరిగొచ్చి చేరాడు. నమ్మదగినవాడేనా?"

"నా తమ్ముడి లెక్క సార్."

చీఫ్ పొగ వదులుతూ చాలాసేపు కిటికీ సందులోంచి ప్లాట్‌ఫారం చూశాడు. "అయితే వాడికి నిజం చెప్పు. సాయం తీసుకో," అన్నాడు. సొరుగులోంచి ఒక ఫౌంటెన్ పెన్ను తీసి ఇచ్చాడు. "ఇందులో ఇంకు లేదు. యాసిడ్. అంగుళం మందం ఇనుమును తినేస్తుంది. జేబులో తలకిందులుగా పెట్టుకోకు."

* * *

శనివారం పొద్దున సింధనూరు బస్ స్టాండులో దిగిన మనిషి ఎరువుల కంపెనీ ఏజెంటు. జిడ్డు తల, దొంగ బంగారు పన్ను, చేతిలో యూరియా సంచి బొమ్మ ఉన్న గుడ్డ బ్యాగు. వడ్లబస్తాల లారీల మధ్య నుంచి, కన్నడంలో ఒకణ్ణి, ఉర్దూలో ఇంకొకణ్ణి దారి అడుగుతూ, క్యాంపు వైపు పోయే ఎడ్లబండి ఎక్కాడు. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న రైతుల ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. దారికి రెండువైపులా వరి పచ్చగా ఊగుతోంది. దానికి ఎగువన, ఎత్తు కట్ట మీద కాలువ. దాని మధ్యలో రాతి కమానుల మీద నిలబడ్డ అక్విడక్ట్.

యలమందయ్య ఇంటి ముందుకు రాగానే తాయప్ప బంగారు పన్ను పీకి జేబులో వేసుకున్నాడు.

"ఎవరు నాయనా?" వసారాలో కోడికి ఈకలు పీకుతున్న పెద్దావిడ తలెత్తింది. యలమందయ్య తల్లి బుల్లెమ్మ.

"తాయప్పను అమ్మా. హాలెండుల మీ కొడుకుతోని సదువుకున్న."

"ఓరి నాయనోయ్! నువ్వా? జొరమొస్తే గంజి కాసి పోసింది నువ్వేగా? రా, రా, కూకో. ఆణ్ణించి రాసే కాయితాల్లో అంతా నీ గురించే రాసేవాడు." తడి చేతులు చీరకు తుడుచుకుంది. "మంచిరోజే వచ్చావు. ఇయ్యాల ఆ దొరసాని గూడా బోయినానికొస్తంది. మా వోడు దాన్నే చేసుకుంటానని కూకున్నాడు. వాళ్ళ నాన్న మాటాడ్డం మానేశాడు. నేనే సరేనన్నా. ఏం చేత్తాం? మనిసి మంచిదైతే చాలు."

"ఏ దొరసాని అమ్మా?"

"అదే, పోటోలు దీసుద్ది. ఎర్రజుట్టు పిల్ల."

ఆమె ఇచ్చిన మంచినీళ్ళ చెంబు తాయప్ప నోటి దగ్గరే ఆగిపోయింది.

మోటార్ సైకిల్ చప్పుడైంది. యలమందయ్య దిగాడు. ఖాకీ నిక్కరు, తలకు టోపీ, ఎండకు నల్లబడ్డ మొహం. తాయప్పను చూసి ఒక్క క్షణం నిలబడి, తర్వాత నవ్వాడు. ఆ నవ్వు మునుపటిది కాదు.

"ఎప్పుడొచ్చావన్నా?"

"ఇప్పుడే తమ్మీ. జెర నీతోని మాట్లాడాలె."

ఇద్దరూ పెరట్లోకి నడిచారు. తాయప్ప దాచకుండా చెప్పాడు. తన ఉద్యోగం, ముఠా, మెసేజ్, అక్విడక్ట్. చెబుతున్నంతసేపూ యలమందయ్య గట్టు మీద గడ్డిపోచలు తుంచుతూ కూర్చున్నాడు. ఆశ్చర్యపోలేదు. గూఢచారినని చెబితే ఎవరైనా నోరు తెరుస్తారు. వీడు తెరవలేదు.

"నీకు ముందే ఎరుకనా?"

"ఏదీ?"

"నేను ఎవడనేది."

"ఇప్పుడేగా చెప్పావు." యలమందయ్య లేచాడు. "పద, అక్విడక్ట్ చూపిస్తా. అంగుళం అంగుళం వెతుక్కో."

ఏదో తేడాగా ఉందని తాయప్ప వృత్తి చెబుతోంది. వీడు నా తమ్ముడని మనసు చెబుతోంది. జీవితంలో మొదటిసారి అతను వృత్తి మాట వినలేదు.

* * *

అక్విడక్ట్ మీద నీళ్ళు అంచుకు జానెడు కిందగా ఉరుకుతున్నాయి. కింద వాగు కూడా ఎర్రటి నీళ్ళతో నిండుగా ఉంది. కాపలా పోలీసు కనిపించలేదు.

"సెంట్రీ ఏడి?"

"అన్నానికి పంపించా. ముందు ఈ గేజి గదిలో చూడు. దాచాలంటే ఇక్కడే దాస్తారు."

కట్ట పక్కన నీటిమట్టం కొలిచే రాతి గది. ఒకే ఒక ఇనప తలుపు, చిన్న కిటికీ, దానికి ఊచలు. తాయప్ప లోపలికి వంగి అడుగుపెట్టాడు. వెనకే తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు అతని వీపులోంచి దూసుకుపోయినట్టు వినిపించింది.

"యలమందా!"

"క్షమించన్నా. ఆమె వెళ్ళిపోయేదాకా ఉండు. నువ్వు తనను అరెస్టు చేయడానికే వస్తావని ముందే చెప్పింది."

"ఎవరు? ఇవెట్టా?"

"బ్రస్సెల్స్‌లో నేను కాఫీ తాగుతుంటే నువ్వెక్కడికెళ్ళావు?" కిటికీలో వాడి మొహం కనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పక్క వీధిలో మనిషి చచ్చాడు. నేనక్కడ నవ్వుకుంటా అట్లు తింటన్నా. పోలీసులు పట్టుకుంటే ఎవర్ని పట్టుకునేవాళ్ళు? నన్నే! నీకేం, ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి విడిపిస్తారు. నేనెవడికి పట్టాను? సొంత అన్న అనుకున్నా నిన్ను. గొడుగులాగా వాడుకున్నావు."

తాయప్పకు తెలుసు, వాడు చెప్పిన ప్రతి ముక్కా నిజమే.

"ఆ మర్నాడే నన్ను వెతుక్కుంటూ వచ్చి ఆమె చెప్పింది నాకు నిజం. నువ్వు కాదు. ఆ తర్వాత ప్రతి వారం బ్రస్సెల్స్ పోయాను, ఆమె కోసం."

"ఏం ఇచ్చినవ్ ఆమెకు?"

"అక్విడక్ట్ డ్రాయింగులు. నా చదువుకు గీసినవే. వాళ్ళ కంపెనీ నీటి వేగం కొలిచే మీటరు తయారుచేస్తుందంట. పొద్దున్నే బిగించాం. అంతే. అందులో దేశద్రోహం ఏముంది?"

"యాడ బిగించిన్రు?"

"నడి స్తంభం దగ్గర, బయటివైపు."

"లోపల టిక్కు టిక్కు అంటుందా?"

యలమందయ్య ఊచలు వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తమ్మీ, అది మీటరు గాదు. బాంబు. కింద ఉన్నది మీ క్యాంపు. మీ అమ్మ కోడిని కోస్తుంది ఆడ."

"అబద్ధం. నువ్వెప్పుడు నిజం చెప్పావు గనక!"

జీపు వచ్చి ఆగింది. తాయప్ప పెన్ను తీసి గడియ ఉన్న చోట విదిలించాడు. ఒక్క చుక్క కూడా రాలేదు. యూరప్ చలికోసం చేసిన యాసిడ్ రాయచూరు ఎండకు ఎప్పుడో ఆవిరైపోయింది. అతను ఊచలు పట్టుకుని బయటకు చూస్తూ నిలబడ్డాడు. ఏమీ చేయలేని గూఢచారి చేసే పని అదొక్కటే.

ఇవెట్ దిగింది. తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, మెడలో కెమెరా.

"లోపల ఉన్నాడా? మంచిది. బయల్దేరు. హైదరాబాదులో విమానం ఉంది."

"ఇంటికి పోయి భోంచేసి వెళ్దాం. అమ్మ నీకోసం కోడిని కోసింది."

"టైం లేదు, డార్లింగ్."

"అరగంట. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. ఒక్క ముద్ద తిని లేద్దువుగాని."

ఇవెట్ చేతి గడియారం చూసుకుంది. తర్వాత, చూడకూడదని తెలిసి కూడా, నడి స్తంభం వైపు చూసింది. "ఆ ఇంటికి ఇప్పుడు ఎవరూ వెళ్ళకూడదు. జీపెక్కు."

యలమందయ్య కదల్లేదు. చాలా చిన్న గొంతుతో, "ఎందుకు వెళ్ళకూడదు?" అన్నాడు.

ఆమె మళ్ళీ చేతి గడియారం చూసుకుంది. వాడికి అర్థమైంది. వాడి మొహంలో రక్తం ఇంకిపోవడం కిటికీలోంచి తాయప్ప చూశాడు. గేజి గది వైపు పరుగెత్తాడు యలమందయ్య. కెమెరా పైకి లేచింది. దాని లెన్సులోంచి వచ్చింది వెలుగు కాదు, తూటా. భుజం పట్టుకుని తలుపు మీద పడ్డాడు. పడుతూ పడుతూనే మంచి చేత్తో గడియ లాగాడు.

తాయప్ప తలుపు తోసుకుని బయటికి దూకేసరికి జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోతోంది.

"ఆమెను పోనీ! పానా యాడుంది?"

"బండి డబ్బాలో!"

నడి స్తంభం దగ్గర అంచు కింద, చేతికి అందీ అందనట్టుగా, బూడిదరంగు ఇనప పెట్టె. నాలుగు బోల్టులు. పైనుంచి అందదు. తలకిందులుగా వేలాడాల్సిందే.

"నా కాళ్ళు పట్టుకో," అన్నాడు తాయప్ప.

యలమందయ్య అతని వైపు చూశాడు. "నన్ను నమ్ముతావా?"

"ఇంకో మనిషి ఉంటే వాణ్ణే అడుగుతుంటి."

గోడ మీద పొట్ట ఆనించి కిందికి వేలాడాడు. కింద ఎర్రటి వాగు సుడులు తిరుగుతోంది. చీలమండల చుట్టూ ఒక బలమైన చెయ్యి, ఒక రక్తం కారుతున్న చెయ్యి. ఇవి వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. సాక్షి ఉండడు. కేసు ఉండదు. ఆ ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చి ఉంటుంది, ఎందుకంటే ఆ చేతులు ఒక్కసారి సడలి, మరింత గట్టిగా బిగుసుకున్నాయి.

మొదటి బోల్టు. రెండోది. మూడోది తుప్పు పట్టినట్టు మొరాయించింది. పెట్టెలో టిక్కు టిక్కు వేగం పెరిగింది.

"అన్నా, రక్తానికి జారుతున్నాయి!"

"పండ్లతోనన్నా పట్టుకో!"

యలమందయ్య అతని ప్యాంటు అంచును నిజంగానే పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. నాలుగో బోల్టు ఊడింది. పెట్టె జారి, ఒకసారి రాతికి తగిలి, వాగులో మునిగింది. ఆ వరదకు కమాను కింద నుంచి దొర్లిపోయింది. యలమందయ్య ఒక్క గుంజుతో తాయప్పను పైకి లాగాడు. ఇద్దరూ గోడ వెనక పడ్డారు.

దిగువన వాగు బురద, రాళ్ళు, చేపలతో సహా తాటిచెట్టంత ఎత్తు లేచి పడింది. కట్టడం మొత్తం ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. తర్వాత నిశ్శబ్దం. కాలువ ఏమీ జరగనట్టు పారుతోంది.

నిలువెల్లా బురదతో యలమందయ్య ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు. "పారిపొమ్మంటావా?" అన్నాడు.

తాయప్ప తన చొక్కా చింపి వాడి భుజానికి కట్టు కట్టాడు. "యాడికి పోతవ్? పా, మీ అమ్మ ఎదురు చూస్తుంటది."

* * *

బుల్లెమ్మ ఇద్దరికీ వడ్డించింది. వాగులో బండరాళ్ళు పేల్చారని, ముక్క తగిలి భుజం చీరుకుందని తాయప్ప చెప్పాడు. ఆమె నమ్మింది. యలమందయ్య ఎడమచేత్తో తింటుంటే చూడలేక కలిపి ముద్దలు పెట్టింది.

"ఆ పిల్లేదిరా?"

"రాదమ్మా," అన్నాడు యలమందయ్య. "వాళ్ళ ఊరెళ్ళిపోయింది."

ఆమె ఇంకో ముద్ద కలిపి వాడి నోట్లో పెట్టింది. తాయప్ప కబురు మీద వచ్చిన పోలీసు జీపు వీధిలో ఆగేసరికి మాత్రం భయంగా తాయప్ప వైపు చూసింది.

"సర్కారీ పని మీద రాయచూరు తీస్కపోతున్నరమ్మా. వైద్యం గూడ ఆడనే."

"నువ్వు కూడా ఉంటావుగా నాయనా? నువ్వుంటే నాకేం బయం లేదు."

జీపులో దారి పొడుగునా తాయప్ప వరిచేల వైపే చూశాడు. పక్కన సంకెళ్ళతో కూర్చున్న వాడి మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు రాయచూరు స్టేషన్ మేడ మీద చీఫ్ ఈసారి కోటు వేసుకుని ఉన్నాడు. "వెల్ డన్, కందిరీగా."

"ఇవెట్ దొరికిందా సార్?"

"హైదరాబాదు దాకా వెంబడించాం. విమానం ఎక్కనిచ్చాం."

"ఏందీ?"

"ఆమె నేరుగా ముఠా నాయకుడి దగ్గరికే వెళ్తుంది. మాకు కావలసింది వాడు. చిన్న చేపను వదిలేస్తేనే పెద్దది వలలో పడుతుంది."

తాయప్ప కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "ఆమె వాళ్ళ మనిషని మీకు ఎప్పుడు తెలిసింది?"

"గడియారాల ముసలాయన చనిపోయిన వారమే. చంపింది ఆమే. మీ కుర్రాడు ప్రతి వారం వెళ్ళడమూ తెలుసు."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు నటన రాదు, తాయప్పా. నమ్మితేనే బాగా పనిచేస్తావు."

"మరి బాంబు?"

"అందులో డిటొనేటర్ మావాళ్ళు బొంబాయి రేవులోనే మార్చేశారు. అది పేలదు."

"పేలింది సార్."

చీఫ్ మీసం సవరించుకున్నాడు. "అవును. ఎక్కడో చిన్న పొరపాటు జరిగింది. విచారిస్తాం."

కింద ఏదో ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగింది.

"యలమందయ్య సంగతేంది?"

"కొన్నేళ్ళు జైలు తప్పదు."

"నా కాళ్ళు వదలకుండ పట్టుకున్నోడు వాడే. అది గూడ రాయుండ్రి. రాయకుంటే కోర్టుల నేనే చెప్త. మీ డిటొనేటర్ సంగతితోని సహా."

చీఫ్ మొదటిసారి అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నెమ్మదిగా తలూపాడు. "రాస్తాను. నువ్వు అలిసిపోయావు. నెల రోజులు సెలవు తీసుకో. ఎక్కడికైనా వెళ్ళు. ప్రాణానికి ముప్పు ఉంది కాబట్టి తోడుగా ఒకణ్ణి పంపిస్తాను. చాలా నమ్మకమైన మనిషి."

తాయప్ప తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నమ్మకమైనోళ్ళు వద్దు సార్. శత్రువు ఎవడన్నా ఖాళీగ ఉంటే పంపుండ్రి. వాడైతే కాల్చే ముందు అన్నా అని పిలవడు."